ఉప్పుడు బియ్యం మిల్లులోకి మగ్గాలు: ఒక ఉక్కు షెడ్డు డైరీ

జనవరి 19

పిఠాపురం నుంచి ఉప్పాడ వెళ్లే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా, మూతపడిన ఉప్పుడు బియ్యం మిల్లు ఒకటి ఉంది. యంత్రాలు, బాయిలరు, తొట్లకు వెళ్లే పైపులు ఎప్పుడో పాత ఇనుము కింద అమ్ముడుపోయాయి. షెడ్డు మాత్రం మిగిలింది. వెడల్పు 50 అడుగులు, పొడవు 108 అడుగులు. 12 అడుగులకు ఒకటి చొప్పున 10 ట్రస్సులు (కప్పును మోసే ఉక్కు చట్రాలు), 20 స్తంభాలు. పైన సిమెంటు రేకులు. కొన్ని పగిలాయి, కొన్ని నాచు పట్టి నల్లబడ్డాయి.

చుట్టుపక్కల జాందానీ నేసే కుటుంబాలు కొన్ని కలిసి ఈ షెడ్డును దీర్ఘకాలం లీజుకు తీసుకుంటున్నాయి. 16 మగ్గాలు పెట్టాలని వారి కోరిక. ఇంటి దగ్గర ఒక్క గట్టి వాన కురిస్తే గుంట మగ్గంలోకి నీరు ఊరుతుంది. నీరు తోడి, గుంట ఆరేదాకా నేత ఆగుతుంది. కూలీ కూడా ఆగుతుంది. నీళ్లు రాని నేల, కంటికి హాయైన వెలుతురు, ఎగిరిపోని కప్పు కావాలి. ఇంజనీరుగా నన్ను వారు అడిగినవి ఈ మూడే.

షెడ్డును తూకానికి కొనుక్కుంటానని పాత ఇనుము వ్యాపారి ఒకాయన ఇప్పటికే వచ్చి వెళ్లాడు. నా అంచనాలో ఇక్కడ 12 నుంచి 13 టన్నుల ఉక్కు ఉంది. ఖనిజం నుంచి టన్ను ఉక్కు తీయాలంటే రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడు గాలిలో కలుస్తుంది. ఆ మూల్యం ఈ షెడ్డు విషయంలో అరవై ఏళ్ల కిందటే చెల్లిపోయింది. దీన్ని కోసి కరిగించి, మళ్లీ కొత్త షెడ్డు కోసం కొత్త ఉక్కు కొనడం నాకు మనసొప్పడం లేదు. అయితే నా మనసొప్పకపోవడం స్తంభానికి బలాన్నివ్వదు. ముందు కొలవాలి.

జనవరి 27

మూడు రోజులుగా కొలతలే పని. మొదటి రోజే ఒక విషయం తెలిసింది: ఏ యాంగిల్‌ను (L ఆకారపు ఉక్కు పట్టీని) కొలిచినా మిల్లీమీటర్లలో వింత అంకెలు వస్తున్నాయి. అంగుళాల్లోకి మారిస్తే చక్కగా కుదురుతున్నాయి. ట్రస్సు కింది తాడు, అంటే కింద అడ్డంగా సాగే భాగం, రెండున్నర అంగుళాల యాంగిళ్లు రెండు వీపు వీపు ఆనించి చేసింది. స్తంభాల ప్లేట్ల మందం 3/8 అంగుళం. మన దేశంలో మెట్రిక్ కొలతలు అమలు కావడం 1958లో మొదలైంది. అంటే ఈ సరుకు దానికి ముందుదో, ఆ మార్పు కాలంలో మిగిలిన నిల్వో అయి ఉండాలి. ఒక యాంగిల్ మీద తీగ బ్రష్షుతో గీకుతుంటే ఉబ్బెత్తు అక్షరాలు బయటపడ్డాయి: టిస్కో, అంటే టాటా ఉక్కు కంపెనీ. జంషెడ్‌పూర్ రోలింగు మిల్లులో ఎర్రగా ఉన్నప్పుడు పడ్డ ముద్ర. కాసేపు దాని మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాను.

ట్రస్సులోని అతుకులన్నీ రివెట్లవి. ట్రస్సును స్తంభానికి కలిపేచోట మాత్రం బోల్టులు. వర్క్‌షాపులో రివెట్లు కొట్టి, ఇక్కడికి తెచ్చి బోల్టులు బిగించారన్నమాట. రివెట్లను పరీక్షించే పద్ధతి పాతదే. తలకు ఒక పక్క వేలు ఆనించి, రెండో పక్క చిన్న సుత్తితో తట్టాలి. గట్టిగా ఉన్న రివెట్టు గణగణమంటుంది, వేలికి ఏమీ తెలియదు. వదులైనది మందంగా పలుకుతుంది, వేలి కింద సన్నగా కదులుతుంది. రెండు నిచ్చెనలు, ఇద్దరు మనుషులం, 10 ట్రస్సులు. వదులైన వాటికి సుద్దతో గుండ్రంగా గీత గీశాం. మొత్తం 61 తేలాయి.

నాతో వస్తున్న ఫిట్టరు మేస్త్రి గారికి డెబ్బై దాటాయి. రివెట్లు కొట్టే ముఠాలో కుర్రవాడిగా చేరారట. కింద కొలిమిలో ఎర్రగా కాల్చిన రివెట్టును ఒకరు పటకారుతో పైకి విసిరితే, పైన ఉన్న మనిషి రేకు డబ్బాతో అందుకునేవాడు. అది చల్లారేలోపు రంధ్రంలో పెట్టి తల కొట్టేయాలి. ‘చల్లారుతూ ముడుచుకుని రెండు ప్లేట్లనూ బిగబట్టేస్తుంది బాబూ, దాని బలమంతా అదే’ అన్నారు. ఏ పుస్తకంలోనూ దీనికన్నా తేటగా చదవలేదు.

ఫిబ్రవరి 4

ఈ షెడ్డులో తుప్పు అన్నిచోట్లా ఒకేలా లేదు. పడమటి చివర మూడు ట్రస్సులూ బాగా తిన్నాయి. ఎందుకో నేల మీద గుర్తులు చూస్తే తెలిసింది. ధాన్యం నానబెట్టే తొట్లు, ఆవిరి పట్టే డబ్బాలు సరిగ్గా వాటి కిందే ఉండేవి. ఏళ్ల తరబడి వేడి ఆవిరి నేరుగా గస్సెట్ ప్లేట్లకు, అంటే యాంగిళ్లను కలిపే అతుకు పలకలకు, తగిలింది. దానికి తోడు సముద్రపు ఉప్పు గాలి.

జంట యాంగిళ్ల మధ్య సందులో తుప్పు పొరలు పొరలుగా పేరుకుంది. తుప్పు తాను తిన్న ఇనుముకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రాతి పగుల్లో రావి వేరు చేసే పనే ఇక్కడ అది చేసింది. రెండు రివెట్ల మధ్య యాంగిల్ పొట్టలా ఉబ్బింది. రివెట్టు తలల్లో కొన్ని ఆ నెట్టుడుకే తెగాయి.

అన్నిటికన్నా భయపెట్టింది స్తంభాల పాదాలు. ఊక, బూడిద, మట్టి కలిసి వాటి చుట్టూ అడుగున్నర ఎత్తున పేరుకుపోయి ఉన్నాయి. తవ్వి, కడిగి, మందం గేజి పెట్టాను. 3/8 అంగుళం అంటే తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు ఉండాలి. చాలా స్తంభాల్లో ఏడూ ఎనిమిదీ వచ్చింది. పడమటి చివర రెండు స్తంభాల్లో, సరిగ్గా నేల మట్టం దగ్గర, 4 మి.మీ. మాత్రమే మిగిలింది. ఆరడుగుల ఎత్తున అదే స్తంభం కొత్తదానిలా ఉంది. షెడ్డును దూరం నుంచి చూసి ‘బాగానే ఉంది’ అనేవారిని నేనిక నమ్మను. ఉక్కు కట్టడాన్ని మోకాళ్ల మీద కూర్చుని చూడాలి.

ఫిబ్రవరి 16

ప్రయోగశాల ఫలితాలు వచ్చాయి. బరువు పడని చోట, పర్లిన్ల (ట్రస్సుల మీద అడ్డంగా పరిచి రేకులు బిగించే కడ్డీల) కొసల నుంచీ పనికిరాని ఒక బ్రేసింగు (చట్రం ఒరగకుండా పట్టే అడ్డ కడ్డీ) నుంచీ, నాలుగు ముక్కలు కోసి పంపాను. సాగదీత పరీక్షలో అన్నీ 250 మెగాపాస్కల్‌కు అటూ ఇటూగానే లొంగాయి. ఇప్పటి మామూలు మైల్డ్ స్టీలు కూడా అంతే. బలం విషయంలో పెద్దాయన కుర్రవాడికి తీసిపోలేదు.

రసాయన పరీక్షలో మాత్రం గంధకం, భాస్వరం ఇప్పటి ఉక్కుకన్నా ఎక్కువ వచ్చాయి. గంధకం ఎక్కువైతే వెల్డింగు చల్లారేటప్పుడు నడిమధ్యన చీలిక వచ్చే ప్రమాదం ఉంది. అందుకని మూడు నిబంధనలు రాసి గోడకు అంటించాను. తక్కువ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్లే (వెల్డింగు పుల్లలే) వాడాలి, అవీ ఓవెన్లో కాల్చినవే. ప్రతి వెల్డరూ ముందు పాత ముక్క మీద వెల్డు చేసి చూపించాలి, దాన్ని విరగ్గొట్టి చూస్తాం. రివెట్లున్న అతుకు మీద అదనపు బలం కోసమంటూ ఎవరూ వెల్డింగు పెట్టకూడదు. ఈ మూడోదాన్ని ఒప్పించడానికే ఎక్కువ సమయం పట్టింది. వెల్డు బిర్రుగా ఉంటుంది, రివెట్టు పిసరంత జారాకే బరువు అందుకుంటుంది. రెండూ పక్కపక్కన ఉంటే కొత్త బరువంతా వెల్డు మీదే పడుతుంది. రెండింటి బలాన్ని కూడేసి లెక్కలో రాసుకోవడం కాగితం మీద మోసం.

ఫిబ్రవరి 25

అసలు సంగతి ఈ రోజు తేలింది. రాత్రి నిద్ర పట్టలేదు.

పక్క పొలంలో ఉండే పెద్దాయన ఈ మిల్లులో పనిచేశారు. 1996 నవంబరు 6 తుఫాను గురించి అడిగాను. ‘తెల్లారి చూస్తే ఒక్క రేకు లేదు బాబూ, పంట చేలల్లో ముక్కలు ఏరుకున్నాం. ఇనుము మాత్రం చెక్కుచెదరలేదు’ అన్నారు. వినగానే ధైర్యం వచ్చింది: అంత తుఫానుకు నిలిచిన ట్రస్సులు! లెక్క వేశాక ఆ ధైర్యం పోయింది.

తుఫాను గాలి వాలు కప్పును కిందికి నొక్కడంకన్నా పైకి పీల్చడం ఎక్కువ. లోపల దూరిన గాలి కింది నుంచి నెడుతుంది. ఈ తీరంలో ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. పనివాళ్లుండే షెడ్డు కాబట్టి 2015 నాటి గాలి ప్రమాణం ప్రకారం తుఫాను గుణకం 1.15. వేగం 57.5 అవుతుంది. ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు. ఒక్కో ట్రస్సు మోసే కప్పు దాదాపు 56 చదరపు మీటర్లు. పీల్చుడూ నెట్టుడూ కలిపితే ఒక్కో ట్రస్సును దాదాపు 11 టన్నులు పైకి లాగుతాయి. రేకులు, పర్లిన్లు, ట్రస్సు అన్నీ కలిపి కిందికి లాగే సొంత బరువు టన్నున్నర కూడా లేదు.

మరి 1996లో ట్రస్సులు ఎలా నిలిచాయి? రేకులు పోయాయి కాబట్టి నిలిచాయి. సిమెంటు రేకు పెళుసుది. దాన్ని పర్లిన్‌కు పట్టి ఉంచే జే హుక్కు చుట్టూ పగిలి ఎగిరిపోయింది. కప్పు లేని ట్రస్సులో గాలికి దొరికేది సన్నని యాంగిళ్లే. ఇంట్లో ఫ్యూజు పోయి మోటారు బతికినట్టు, రేకులు పోయి ఇనుము బతికింది. ఇప్పుడు మేము వేయబోయేది లోహపు రేకు, దగ్గర దగ్గరగా స్క్రూలు బిగించి. అది పగలదు. గాలి లాగే లాగుడంతా పర్లిన్‌కూ, అక్కడి నుంచి ట్రస్సుకూ, స్తంభానికీ, పునాదికీ చేరుతుంది. ఈ అస్థిపంజరం ఆ బరువును తన జీవితంలో ఒక్కసారి కూడా మోయలేదు. ‘ఇన్నాళ్లూ నిలిచింది కదా’ అనే మాట పాత కప్పుతో కూడిన షెడ్డుకు వర్తిస్తుంది. కప్పు మార్చిన మరుక్షణం అది వేరే కట్టడం.

ఇంకో చిక్కు. మామూలు రోజుల్లో ట్రస్సు కింది తాడు లాగుడులో ఉంటుంది, అందుకే సన్నగా చేస్తారు. గాలి పైకి లాగినప్పుడు అది తిరగబడి నొక్కుడులోకి వస్తుంది. బిగించిన తాడును తోసినట్టే. 50 అడుగుల పొడవునా దానికి పక్క ఆధారమే లేదు. స్లెండర్‌నెస్ నిష్పత్తి, అంటే పొడవుకు తగ్గ సన్నదనం కొలత, దాదాపు 500. గాలి వల్ల మాత్రమే నొక్కుడు పడే భాగానికి ఉక్కు కట్టడాల భారత ప్రమాణం ఐఎస్ 800 ఇచ్చే హద్దు 250. పక్క నుంచి రెండు వరుసల రన్నర్లు (ట్రస్సు నుంచి ట్రస్సుకు సాగే కడ్డీలు) కడితే 170 లోపు వస్తుంది, నిబంధన తీరుతుంది. అక్కడితో ఆగిపోయిన డ్రాయింగులను నేను చూశాను. కానీ హద్దులో ఉండటం వేరు, బరువు మోయడం వేరు. బలం లెక్క వేస్తే రెండు వరుసలు చాలలేదు. నాలుగు వరుసలు పెట్టాను, దాంతో 100 దగ్గరకు వచ్చింది. అయినా తాడు చివరి భాగాల్లో చాలక, కింది నుంచి మరో యాంగిల్ జోడించాల్సి వచ్చింది. షెడ్డు రెండు కొసల అరల్లోనూ (రెండు ట్రస్సుల మధ్య చోటు ఒక అర) ఈ రన్నర్లను పట్టి ఉంచే అడ్డ బ్రేసింగు.

మార్చి 11

పాత రేకులు దించాం. సిమెంటు రేకులో ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. పగిలితే ఆ సన్నని నార ఊపిరితిత్తుల్లో చేరి, దశాబ్దాల తర్వాత కూడా జబ్బుగా బయటపడుతుంది. అందుకని రేకును నీళ్లతో తడిపి, హుక్కులు కోసి, తాళ్లతో మెల్లగా దించి, మందపాటి పాలిథిన్‌లో చుట్టాం. పైనుంచి పడేస్తే రెండు రోజుల్లో అయ్యే పనికి తొమ్మిది రోజులు పట్టింది. ముఖానికి గట్టి మాస్కులు లేకుండా ఎవరినీ నిచ్చెన ఎక్కనివ్వలేదు. ‘మా ఇంటి మీదా ఇవే రేకులు సార్’ అన్నాడు ఒక కుర్రవాడు. నిజమే. కదపకుండా ఉన్నంతకాలం ప్రమాదం తక్కువ, కోయవద్దు, రంధ్రాలు వేయవద్దు, చీపురుతో పొడిగా ఊడ్చవద్దు అని చెప్పాను. చుట్టిన రేకులను ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపించాం.

ఇక్కడే నేనొక పొరపాటు చేశాను, రాయాల్సిందే. రేకులు దిగాక ఒకేసారి రెండు అరల పర్లిన్లు విప్పించాను. ట్రస్సు పైదూలాన్ని పక్కకు ఒరగకుండా పట్టి ఉంచేది ఆ పర్లిన్లే. సాయంత్రం గాలి లేచేసరికి నాలుగో ట్రస్సు కొన దారం వేలాడదీసి చూస్తే 40 మి.మీ. పక్కకు వాలి ఉంది. వెంటనే గై తాళ్లు, అంటే ఏటవాలుగా నేలకు బిగించే తాళ్లు, కట్టించాం. మర్నాడు నెమ్మదిగా వెనక్కి తెచ్చాం. ఏమీ వంగలేదు. పైన ఇద్దరు మనుషులు ఉన్నారు ఆ సమయంలో. అప్పటి నుంచి ఒక అర విప్పాలంటే ముందు తాత్కాలిక బ్రేసింగు, ఆ తర్వాతే స్పానర్.

మార్చి 29

61 రివెట్లు అనుకున్నవి 84 అయ్యాయి. తుప్పు గీకాక మరికొన్ని బయటపడ్డాయి. తలను గ్యాసుతో కోయకుండా గ్రైండరుతో తీసి, పంచ్‌తో తోసి, రంధ్రాన్ని సాఫు చేసి, అధిక బలం బోల్టు బిగించాం. ఒక అతుకులో ఒక్కసారి ఒక్కటే. పడమటి మూడు ట్రస్సుల్లో బాగా తిన్న రెంటిని కిందికి దించి గస్సెట్ ప్లేట్లు మార్చాం. మేస్త్రి గారు ప్రతి బోల్టునూ సుత్తితో తట్టి చూస్తారు. బిగువును కొలిచే టార్క్ రెంచి ఉన్నా సరే, తట్టి చూసేదాకా ఆయన కిందికి దిగరు.

ఏప్రిల్ 20

రంగు. పాత పూతలో అట్టడుగు పొర ఎర్ర సీసం. పరీక్షలో సీసం ఉందని తేలింది. పొడిగా గ్రైండింగు చేస్తే ఆ దుమ్మంతా పనివాళ్ల ఒంట్లోకీ, తర్వాత నేత జరిగే నేలలోకీ పోతుంది. దుమ్ము పీల్చే యంత్రం తగిలించిన పనిముట్లతోనే శుభ్రం చేశాం. దించిన ట్రస్సులకూ, స్తంభాల కింది మీటరుకూ మాత్రం గుడారం కట్టి రాగి కిట్టెంతో బ్లాస్టింగు చేశాం, అంటే ఆ కిట్టెం పొడిని గాలి ఒత్తిడితో చిమ్మి గీకాం.

అంతకుముందే మంచినీళ్లతో అంతా కడిగాం. సముద్రం దగ్గర ఉక్కు మీద కంటికి కనిపించని ఉప్పు ఉంటుంది. దాని మీద ఎంత ఖరీదైన ఎపాక్సీ రంగు వేసినా ఏడాది తిరిగేసరికి పొక్కులు లేస్తాయి. పొద్దున్నే ఉక్కు చల్లగా ఉండి చెమర్చుతుంది. అందుకని పది దాటితేగాని బ్రష్షు ముట్టనివ్వలేదు.

మే 18

నేల దగ్గర రెండు అవసరాలు ఢీకొన్నాయి. మగ్గం గుంట రెండున్నర అడుగుల లోతు ఉంటుంది. నీరు ఊరకూడదంటే నేలను మూడడుగులు ఎత్తాలి, అప్పుడు గుంట అడుగు పాత నేలకు అర అడుగు పైనే ఉంటుంది. కానీ అలా ఎత్తితే స్తంభాల పాదాలు మళ్లీ మట్టిలో పూడుకుపోతాయి. ఫిబ్రవరిలో నన్ను భయపెట్టింది అదే.

మరోపక్క గాలి లెక్కలో ఒక్కో స్తంభాన్ని దాదాపు 5 టన్నులు పైకి లాగుతున్నాయి. కింద ఉన్నది ఇటుక దిమ్మె, దానికి లాగుడు బలం లేదు. ఈ రెండు చిక్కులకూ ఒకటే మందు దొరికింది. ప్రతి స్తంభం కింద పాత దిమ్మెను చుట్టి మీటరున్నర చదరపు కాంక్రీటు పాదం, 60 సెం.మీ. మందం. అదే మూడు టన్నులకు పైన. దాని మీద పోసే మూడడుగుల మట్టి మరో మూడున్నర టన్నులు. ఆ పాదం నుంచే స్తంభాన్ని చుట్టుకుంటూ కొత్త నేలకు అడుగు పైదాకా కాంక్రీటు తొడుగు, లోపల కమ్మీలు. తొడుగు పైభాగం నలువైపులా వాలుగా, ఉక్కూ కాంక్రీటూ కలిసే గీత వెంట సీలెంటు. నీరు నిలవడానికి చోటే ఉండకూడదు. 4 మి.మీ. మిగిలిన రెండు స్తంభాలకు కింది భాగం కోసి కొత్త ముక్క అతికాక తొడుగు వేశాం. ఒక స్తంభం పని పూర్తయి, కాంక్రీటు గట్టిపడ్డాకే దాని పక్కదాన్ని తవ్వాం.

దీంతో మరో పేచీ. మగ్గాలు గోడ పక్కనే, కిటికీ దగ్గర పెట్టుకుంటామన్నారు నేతవాళ్లు. పాదాల మీది మట్టిని గుంటల కోసం తవ్వేస్తే ఆ బరువు పోతుంది, మగ్గాలు నడిమికి రావాలి అన్నాను. ‘నడిమికి వస్తే వెలుతురేదీ?’ అని అడిగారు. న్యాయమైన ప్రశ్న.

జూన్ 14

వెలుతురు పైనుంచే తెచ్చాం. షెడ్డు కప్పు వెన్ను, అంటే రెండు వాలులూ పైన కలిసే గీత, తూర్పు పడమరలుగా ఉండటం అదృష్టం. ఉత్తరపు వాలులో ప్రతి అరకూ ఒక పాలికార్బొనేటు పట్టీ, పాలరంగుది. కొత్త రేకు కింద 50 మి.మీ. రాతి ఉన్ని. లేకపోతే మే నెలలో ఆ లోహం కింద ఎవరూ కూర్చోలేరు. కప్పు అంచుల్లో, మూలల్లో గాలి లాగుడు నడిమికన్నా చాలా ఎక్కువ. అక్కడ పర్లిన్లు దగ్గర చేసి, స్క్రూలు రెట్టింపు చేశాం.

పట్టీలు బిగించిన రోజు ఒక పెద్ద నేతగత్తె వచ్చారు. కండెకు చుట్టిన జరీ పోగొకటి చేతిలో పట్టుకుని, షెడ్డు నడిమిలో నిలబడి, వేళ్ల మధ్య తిప్పుతూ చూశారు. జాందానీలో బుటా ఇటూ అటూ ఒకేలా ఉండాలి, ఒక్క పోగు తప్పినా చీర తిరగేస్తే తెలిసిపోతుంది. ఐదో అర దగ్గర ఆగి, ‘ఇక్కడ నీడ పడుతోంది బాబూ, నాలుగు గంటలకు చూడండి’ అన్నారు. నాలుగింటికి చూశాం. కొత్తగా వేసిన గట్టర్ బ్రాకెట్టు నీడ. ‘మీరు చెప్పింది నిజమేనమ్మా’ అని బ్రాకెట్టును రెండడుగులు జరిపించాను.

జూలై 8

రెండు రోజులుగా వాన. 9 గుంటలు తవ్వడం పూర్తయింది, అన్నీ పొడిగా ఉన్నాయి. కప్పు వెన్ను దగ్గర ఒక స్క్రూ వాషరు నుంచి చుక్కలు పడుతున్నాయి, వాన తగ్గగానే మార్చాలి. తొడుగుల వాలు మీద నీరు నిలవడం లేదు. పదకొండో స్తంభం దగ్గర సీలెంటు ఒక అంగుళం మేర లేచింది. గీకి మళ్లీ పెట్టాం.

స్తంభాల మీదా ట్రస్సుల మీదా 40 చోట్ల చిన్న పసుపు అంకెలు రాయించాను. ఆ చోట్ల ఉక్కు మందం, రంగు మందం ఈ రోజు కొలిచి పుస్తకంలో ఎక్కించాను. ఒక ప్రతి నేతవాళ్ల దగ్గర, ఒకటి షెడ్డు బీరువాలో. ఏటా అక్టోబరుకు ముందు ఎవరైనా గేజి పట్టుకుని వచ్చి ఇదే అంకెల దగ్గర పెట్టి చూడాలి. మొదటి వరుస ఇది: 1వ చోటు, పడమటి చివర స్తంభం (కొత్త ముక్క అతికినది), ఉత్తర ముఖం, తొడుగుకు రెండు అంగుళాల పైన. ఉక్కు 9.8 మి.మీ., రంగు 290 మైక్రాన్లు.